ఆగిన వేళల పుస్తకం

2, సోమవారం

ఇవాళ మా లాండ్రీకి పరిశోధన వచ్చింది. వేడిలో పనిచేసేవాళ్ళ గుండె ఎలా ఉంటుందో చూస్తారట. ఎలా ఉంటుంది, ఉడికి ఉంటుంది. నన్నడిగితే రెండు ముక్కల్లో చెప్పేదాన్ని.

ఒక డాక్టరు, జేబులో మూడు పెన్నులు. ఆయన పక్కన ఒక అమ్మాయి, చేతిలో అట్ట, అట్టకి క్లిప్పు, క్లిప్పుకి ఫారాలు. మా సెక్షన్‌లో అందర్నీ బడిపిల్లల్లా వరసగా నిలబెట్టి, ఛాతీ మీద అగ్గిపెట్టెంత రికార్డరు అతికించారు. మగవాళ్ళకి డాక్టరు, ఆడవాళ్ళకి అట్ట అమ్మాయి, దుప్పటి అడ్డం పెట్టి. పద్నాలుగు రోజులు ఉంచుకోవాలి. దాని నడుమ ఒక బొత్తాం. ఒంట్లో తేడాగా అనిపిస్తే నొక్కాలి, నొక్కి వాళ్ళిచ్చిన చిన్న పుస్తకంలో వేళ వేసి రాయాలి. నొక్కితే అది కీచుమంటుంది. హాలంతా వినబడేంత కీచు. ఎవరి తెలివో.

"ఇదివరకు గుండెకి సంబంధించి ఏమైనా ఉందా అండీ?" అని అట్ట అమ్మాయి అడిగింది. రెండడుగుల దూరంలో సూపర్‌వైజర్ మూటలు లెక్కపెడుతున్నాడు. పని ఆగితే పళ్ళ సందులోంచి ఈల వేస్తాడు కాబట్టి మా అందరికీ ఆయన ఈలాయన.

"లేదండీ," అన్నాను.

ఒక్కసారి ఇక్కడ రాసి వదిలేస్తాను, మళ్ళీ రాయను. తొమ్మిదేళ్ళప్పుడు వచ్చిన జ్వరం నా గుండె వాల్వు మీద మచ్చ పెట్టిపోయింది. తలుపు సరిగ్గా తెరుచుకోదు. మూడు వారాలకోసారి ఇంజక్షను. లాండ్రీలో పెద్దమ్మకి తప్ప ఎవరికీ తెలీదు. తెలిస్తే రోలరు దగ్గర్నుంచి తీసేస్తారు. దుప్పట్లు ఇస్త్రీ చేసే పెద్ద రోలరు మీద పనిచేసే ఆడది నేనొక్కదాన్నే. దాని మాన్యువల్ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివినది కూడా నేనొక్కదాన్నే, మెకానిక్కుతో సహా.

అయిపోయింది. ఇక రాయను.

3, మంగళవారం

పెద్దమ్మ రెండో మడతబల్ల దగ్గర ఉంటుంది. అమ్మ పోయాక నన్ను పెంచిందీ, ఈ పనిలో పెట్టించిందీ ఆవిడే. ఇవాళ అన్నం డబ్బాలు తెరిచేటప్పుడు ఆ చిన్న పుస్తకం నా ముందు పెట్టింది.

"ఏమే, గాబరాకి గా దీర్ఘమా?"

"దీర్ఘమే. ఎందుకు?"

"పొద్దుట వచ్చింది. రాయమన్నారుగా."

"బొత్తాం నొక్కావా?"

"నొక్కితే అరుస్తుందే. అందరూ పని మానేసి నా గుండెకేసి చూస్తారు. ఈ వయసులో నాకెందుకది?"

నవ్వు ఆపుకోలేకపోయాను. తర్వాత పెన్సిల్ పట్టుకుని గా దగ్గర దీర్ఘం దిద్దించాను. పాపం, పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. వేళ రాయలేదు. అడగడం నాకూ తట్టలేదు.

4, బుధవారం

ఏమీ లేదు. హాజరు వెయ్యడానికి పైకెళ్తుంటే మెట్ల మీద చెప్పు ఊడింది, ఆగి సరిచేసుకున్నాను.

5, గురువారం

ఇంజక్షను. ఈలాయనకి పన్నునొప్పి అని చెప్పాను. ఈ లెక్కన నాకు నోట్లో పళ్ళు మిగలకూడదు.

7, శనివారం

ఏమీ లేదు. చెప్పు.

9, సోమవారం

కోపంలో రాస్తున్నాను, అక్షరాలు ఎలా వస్తే అలా రానీ.

పెద్దమ్మని పరిశోధనలోంచి తీసేశారు. వారం పుస్తకం చూసి తీసేశారు. రికార్డరు పీకేసి, నిద్రమాత్రల అట్ట ఒకటి చేతిలో పెట్టి, "మనసు ప్రశాంతంగా ఉంచుకోండమ్మా" అని పంపేశారు. ఒక కాగితం కూడా ఇచ్చారు. పైన పువ్వు బొమ్మ. కింద "లోతుగా ఊపిరి తీసుకోండి" అని ఉంది. ఆవిరి హాల్లో నిలబడి లోతుగా ఊపిరి తీసుకోవాలట! వీళ్ళొచ్చి ఒక్కసారి తీసుకుని చూపించమనండి.

ఎందుకు తీసేశారని అడిగితే అట్ట అమ్మాయి ఫారం చూసి చెప్పింది. "ఆవిడకి గుండె లక్షణాలేమీ లేవండీ. అన్నీ ఆందోళన. తొమ్మిదో గడి."

"పోనీలేవే," అంది పెద్దమ్మ. "ఆ బంక తీసేశారు, దురద తప్పింది."

దురదట. మొన్న మూటల గదిలో గోడ పట్టుకుని నిలబడినప్పుడు ఆవిడ మొహం నేను చూశాను. ఉతికి ఆరేసిన దుప్పటికి కూడా అంతకంటే రంగుంటుంది.

10, మంగళవారం

అట్ట అమ్మాయిని చేతులు కడుక్కునే చోట పట్టుకున్నాను. తప్పించుకోవడానికి ఉన్నది ఒకటే తలుపు, దాని దగ్గర నేనున్నాను.

"ఆ తొమ్మిదో గడి నాకు చూపించండి."

"అది బయటివాళ్ళకి చూపించకూడదండీ."

"నా ఛాతీ మీద మీ డబ్బా అంటించుకుని తిరుగుతున్నాను. నేను బయటిదాన్నా?"

చూపించింది. ఒక కాగితం. ఎడమపక్క మాటలు, కుడిపక్క గడులు. దడ, రెండో గడి, గుండె. ఆయాసం, మూడో గడి, గుండె. బెంగ, దిగులు, కంగారు, గాబరా, తొమ్మిదో గడి, మనసు.

"ఇదెవరు రాశారు?"

"పైనుంచి వచ్చిందండీ. వాళ్ళ భాషలో ఉన్నదాన్ని ఎవరో మన భాషలోకి మార్చారు."

"మార్చినవాళ్ళకి అమ్మ లేదా? సరే, మీ ఇంట్లో పెద్దవాళ్ళకి గుండె తేడాగా కొట్టుకుంటే ఏమంటారు?"

నల్లా కారుతోంది. అట్ట అమ్మాయి నా వంక చూడకుండా దాన్నే చూస్తోంది.

"మా అమ్మమ్మ... గాబరాగా ఉందే, కాస్త నీళ్ళివ్వు అంటుంది."

"మరి?"

"మరి నేను తొమ్మిదిలోనే వేస్తున్నానండీ. వందల ఫారాలు. కాగితంలో ఎలా ఉంటే అలా."

ఆ పిల్ల మీద కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఇంకో మాట కూడా ఆవిడే చెప్పింది. పీకేసిన రికార్డర్లు, గడువు తీరినవీ అన్నీ వచ్చే ఇరవై మూడో తారీకు సోమవారం కొత్త బ్యాచ్‌కి పెడతారట. కొత్తవాళ్ళకి పెట్టగానే పాతది చెరిగిపోతుంది. పెద్దమ్మ వారం రోజుల గుండె అందులో ఉంది. ఎవరూ చదవలేదు, ఇక చదవరు కూడా.

నాకు నిఘంటువు ఉంది. ఒక హోటలు దుప్పట్ల మూటలో వచ్చింది, ఎవరూ అడగలేదు, నాదైపోయింది. పది తర్వాత నేను చదివిందంతా ఇలా మూటల్లో వచ్చిందే. అందులో చూశాను. గాబరా: కలవరం, తొట్రుపాటు. అంతే. అది రాసినాయన మా పెద్దమ్మ పక్కన ఎప్పుడూ కూర్చుని ఉండడు.

11, బుధవారం

వ్యాను నడిపే బాబాయ్ ఇవాళ టీ దగ్గర గొప్పలు పోతున్నాడు. "నా గుండె పరిశోధనకి భలే పనికొస్తోందటే పిల్లా. మొన్న మూటలు దించుతుంటే కుక్క తరిమింది. దడ పుట్టుకొచ్చి బొత్తాం నొక్కేశా. అదే దడ పుస్తకంలో రాశా. ఆ అమ్మాయి చాలా బాగా రాశారండీ అంది."

కుక్కని చూసి పుట్టిన దడ గుండె జబ్బు. గోడ పట్టుకుని నిలబడ్డ పెద్దమ్మ గాబరా మనసు జబ్బు.

కుక్కని చేర్చుకోవాల్సింది పరిశోధనలో, బాగా అర్థం చేసుకునేది.

నాకు ఏమీ లేదు. చెప్పు.

12, గురువారం

మూడు పెన్నుల డాక్టరు సోమ, గురువారాలు వస్తాడు. పై అంతస్తులో సామాను గది ఆయనకిచ్చారు. మెట్లెక్కి, తలుపు దగ్గర కాసేపు ఆగి, వెళ్ళాను.

"మా పెద్దమ్మ రికార్డరు చదవండి."

"చూడమ్మా, ఆవిడ రాసినదాంట్లో గుండె లక్షణం ఒక్కటీ లేదు."

"ఆవిడ రాసిందే గుండె లక్షణం. మీకు చదవడం రాలేదు."

అంత మాట అనకూడదేమో. అనేశాను. ఆయనకి కోపం రాలేదు. అదే నాకు ఇంకా మండింది. ఓపికగా నవ్వే మనిషితో పోట్లాడటం తడి దుప్పటిని గుద్దినట్టుంటుంది.

"మూడు వందల మంది, పద్నాలుగేసి రోజులు. మొత్తం చదవడానికి మనుషుల్లేరు. బొత్తాం నొక్కిన చోటా, పుస్తకంలో గుండె లక్షణం రాసిన వేళ దగ్గరా మాత్రమే చదువుతాం. మీ పెద్దమ్మ నొక్కలేదు, వేళలూ రాయలేదు. ఎక్కడని వెతకను?"

"సార్, మా రోలరు ఆగితే ఏ వేళకి ఆగింది, ఎందుకు ఆగింది అని రాసుకుంటాం. బెల్టు జారిందనో ఆవిరి తగ్గిందనో రాస్తాం. రోలరుకి ఆందోళన అని ఇంతవరకూ ఎవరూ రాయలేదు. ఇనుముకిచ్చే మర్యాద మా పెద్దమ్మకివ్వరా?"

అప్పుడు మాత్రం నవ్వడం మానేశాడు. ఒక పెన్ను తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"వేళలు తెచ్చివ్వు. నిమిషాలతో సహా. చదివిస్తాను."

ఎక్కడినుంచి తేను? జరిగిపోయిన వారానికి వేళలు!

13, శుక్రవారం

దడ అని నేర్పి ఉంటే సరిపోయేది. గా దీర్ఘం దిద్దించాను. నేనే దిద్దించాను.

16, సోమవారం

నా రికార్డరు తీసేశారు. పుస్తకం ఇచ్చేశాను. పద్నాలుగు రోజులూ "ఏమీ లేదు" అని నీటుగా రాసి ఉంది. అట్ట అమ్మాయి తిప్పి చూసి, "మీరు చాలా ఆరోగ్యంగా ఉన్నారండీ," అంది.

అసలు సంగతి అది కాదు. వేళలు దొరికాయి!

ఇన్నాళ్ళూ నా కళ్ళ ముందే మేకుకి వేలాడుతున్నాయి. ఈలాయన పుస్తకం. మెషీన్లకే కాదు, మనుషులకి కూడా రాస్తాడు ఆ మహానుభావుడు. ఏ బల్ల దగ్గర ఏ చెయ్యి నిమిషం ఆగినా వేళ వేసి, కారణం రాసి, నెలాఖరున మేనేజరుకి చూపిస్తాడు. ఆ పుస్తకాన్ని నేను తిట్టినన్ని తిట్లు ఇంకే పుస్తకాన్నీ తిట్టలేదు.

డబ్బాల వేళకి వెళ్ళి అడిగాను.

"సార్, పరిశోధనవాళ్ళకి మన దగ్గర పని ఎప్పుడెప్పుడు ఆగుతోందో కావాలట. మీ పుస్తకం అంత సరిగ్గా ఉంటుందో ఉండదో అని..."

"ఉండదా?" పళ్ళ సందులోంచి ఈల వచ్చింది. "నా పుస్తకంలో అర నిమిషం తేడా ఉంటే నా చెవి కోసిస్తా. గోడ గడియారాన్ని రోజూ పొద్దున నేనే సరిచేస్తా, తెలుసా? తీసుకెళ్ళి చూపించు. మళ్ళీ మేకుకి పెట్టు."

మూటల గదిలో కూర్చుని రాసుకున్నాను. రెండో తారీకు నుంచి తొమ్మిది దాకా, రెండో మడతబల్ల. 10:42, నీళ్ళకని పోయింది. 3:05, కూర్చుంది. 11:17, ఊరికే నిలబడింది. 2:31, మూటల గది, బద్ధకం. 9:50, ఊరికే నిలబడింది. మొత్తం పదకొండు.

బద్ధకం అని రాశాడు. నలభై ఏళ్ళు దుప్పట్లు మడిచిన మనిషి గోడ పట్టుకుని నిలబడితే బద్ధకం! అయినా వేళ వేశాడు. గొణుక్కుంటూ, ఈలేసుకుంటూ, నిమిషం తప్పకుండా వేశాడు. ఆ ఒక్కదానికీ ఆయన్ని ఈ నెలకి వదిలేస్తున్నాను.

అదే పేజీల్లో రోలరు లైన్లు కూడా ఉన్నాయి. రోలరు, మెట్లు, 8:02, చెప్పు. రోలరు, మెట్లు, 1:34, చెప్పు. 8:01, చెప్పు. చెప్పు. చెప్పు.

అవి రాసుకోలేదు. నాకు అక్కర్లేదు.

17, మంగళవారం

వేళల కాగితం అట్ట అమ్మాయికిచ్చాను. డాక్టరు రావాలంటే గురువారం దాకా ఆగాలి. "గురువారం దాకా ఎందుకండీ, సాయంత్రం నేనే పట్టుకెళ్ళి ఇస్తా," అంది. కాగితాన్ని అట్టకి పెట్టలేదు, మడిచి సంచిలో దాచుకుంది.

18, బుధవారం

పెద్దమ్మ మధ్యాహ్నం రెండు మూటల మధ్య కూర్చుండిపోయింది. వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

"ఎలా ఉంది? గాబరా అనకు. ఇంకేదైనా చెప్పు."

"ఇంకేమని చెప్పనే? గాబరాని గాబరా అనక బంగాళాదుంప అననా?" మళ్ళీ తనే, "లోపల మెట్టుంటుందనుకుని అడుగేస్తే మెట్టు లేనట్టుంటుంది," అంది.

ఎదురుగా ఈలాయన గడియారం చూసి రాసుకుంటున్నాడు. రాయి, బాబూ. రాయి.

19, గురువారం

డాక్టరే కిందికి దిగొచ్చాడు. ఆవిరి హాల్లోకి రావడం ఆయనకిదే మొదటిసారనుకుంటా, అద్దాలు మసకబారి రోలరుకి దణ్ణం పెట్టబోయాడు.

పదకొండు వేళల్లో తొమ్మిదింటి దగ్గర పెద్దమ్మ గుండె ఆగింది. నాలుగేసి సెకన్లు. మూటల గదిలో నిలబడ్డప్పుడు, బద్ధకం అని రాసి ఉందే, అక్కడ అయిదు.

అయిదు సెకన్లంటే మా రోలరులో ఒక దుప్పటి ఈ చివర దూరి ఆ చివర ఇస్త్రీ అయి వచ్చేస్తుంది. అంతసేపు పెద్దమ్మ గుండె ఊరికే ఉంది. వీళ్ళేమో ప్రశాంతంగా ఉండమన్నారు. అంతకంటే ప్రశాంతంగా ఇంకేం ఉంటుంది గుండె!

ఇవాళే ఆసుపత్రిలో చేర్చుకుంటారట. పేస్‌మేకర్ పెడతారట.

"పొరపాటు జరిగింది," అన్నాడు డాక్టరు. "ఆ మాటని రెండో గడిలోకి మారుస్తాం."

"తొమ్మిదో గడిలో ఇంకెంతమంది ఉన్నారు?"

చెప్పడనుకున్నా. చెప్పాడు. "నలభై ఒక్క మంది."

"ఆడవాళ్ళెంతమంది?"

అద్దాలు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. "ముప్పై ఎనిమిది."

జరిగిందట, పొరపాటు. దానంతటదే నడుచుకుంటూ వచ్చి జరిగింది. ముప్పై ఎనిమిది మంది ఇళ్ళకెళ్ళి పువ్వు బొమ్మ కాగితం చూసుకుంటూ ఊపిరి పీలుస్తున్నారు. "సోమవారం లోపు వాళ్ళవి కూడా మొదటి నుంచి చివరి దాకా చదవండి. మీ మూడు పెన్నులూ వాడండి," అన్నాను. అట్ట అమ్మాయి, "శని, ఆదివారాలు నేను వస్తాను సార్," అంది. అడక్కుండానే అంది.

21, శనివారం

ఆసుపత్రి. పెద్దమ్మకి మెషీను పెట్టేశారు. జబ్బు చేసినవాళ్ళలో ఇంత నోరున్న మనిషిని ఆ వార్డు చూసి ఉండదు. నర్సు వేసిన దుప్పటి మడత సరిగ్గా లేదని ఎడమచేత్తో తీసి మళ్ళీ వేస్తోంది. "కుట్లు పడ్డాయి పెద్దమ్మా, కదలకండి," అని నర్సు మొత్తుకుంటోంది.

"ఏమే, ఈ మెషీను ఆగితే దీనికీ ఈలాయన పుస్తకం పెడతాడా?"

"ఆగదు. పదేళ్ళు గ్యారంటీ."

"మన రోలరుకి కూడా అదే చెప్పారు." ఇద్దరం నవ్వాం. తర్వాత ఆవిడ నవ్వు ఆపింది. నా కాళ్ళకేసి చూసింది.

"నీ చెప్పుకి ఏమైందే?"

"ఏమీ కాలేదే."

"పన్నెండో మెట్టు మీద రోజూ ఎందుకు ఊడుతుందది? వంగి ఏం సరిచేస్తావు? పనిలో వేసుకునేది రబ్బరు బూటు కదా, దానికి పట్టీయే లేదు."

నేను కిటికీలోంచి చూశాను. చూడటానికి ఎదురుగా గోడ తప్ప ఏమీ లేదు.

"నా గాబరా ఏ గడిలో వేశారని ఊరంతా ఏకం చేశావు. నీది ఏ గడిలోనూ వెయ్యనివ్వలేదు. వాళ్ళు తప్పు గడిలో వేశారు, సరే. నువ్వు? నీకు చదవడమొచ్చు, రాయడమొచ్చు, గా దీర్ఘం వచ్చు."

"రోలరు నుంచి తీసేస్తారు పెద్దమ్మా."

"తీసేస్తే వాళ్ళతో పోట్లాడు. అది నీకు బాగానే వచ్చు. ఆ వాల్వుతో పోట్లాడలేవే పిచ్చిదానా."

22, ఆదివారం

నా పుస్తకంలో ఏమీ లేదని ఉంది. ఏమీ లేనివాళ్ళవి చదవరు. రేపు కొత్తవాళ్ళకి పెడతారు. చెరిగిపోతుంది.

ఏమీ లేదు అని ఎవరు రాశారు? ఈలాయనా? డాక్టరా? అట్ట అమ్మాయా?

ఈ డైరీలో కూడా అదే రాశాను. ఇక్కడ ఎవరు చూస్తారని?

23, సోమవారం

హాలు మొదలవకముందే వెళ్ళి మేకు మీంచి పుస్తకం తీశాను. ఈలాయన పట్టుకున్నాడు.

"మళ్ళీ ఎందుకు? ఇంకెవరిది?"

"నాది సార్. చెప్పు లైన్లు కావాలి."

ఈల రాలేదు. నా బూట్లకేసి చూశాడు, పుస్తకం వంక చూశాడు. "నేను చూసిందే రాశాను," అన్నాడు.

"మీరు రాసింది సరిగ్గానే ఉంది. నేను చేసిందే తప్పు. నాకు చిన్నప్పటి నుంచి వాల్వు జబ్బుంది. పన్నునొప్పి కూడా అబద్ధం."

హాల్లో అందరూ విన్నారు. బాబాయ్ నెత్తిన మూటతో అలాగే నిలబడిపోయాడు.

"మేనేజరుకి చెప్పాలి మరి నేను," అన్నాడు ఈలాయన.

"చెప్పండి. రోలరు దగ్గర నేనున్న మూడేళ్ళలో అది ఎన్నిసార్లు ఆగిందో, నాకు ముందు ఎన్నిసార్లు ఆగిందో కూడా చెప్పండి. రెండూ మీ పుస్తకంలోనే ఉన్నాయి. నన్ను తీసేసేవాళ్ళు అది చదివి తీసేయాలి."

పంతొమ్మిది లైన్లు. పద్నాలుగు రోజుల్లో పంతొమ్మిది. అన్నీ రాసుకున్నాను. కోపం మాత్రం తగ్గలేదు, కాస్త చోటు మారి నా పక్కన కూర్చుందంతే.

పై గదిలో అట్ట అమ్మాయి రికార్డర్లన్నీ ట్రేలో పేర్చుకుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, శని ఆదివారాలు చదివినట్టుంది. గోడకి ఆ గడుల కాగితం. గాబరా కొట్టేసి, రెండో గడి పక్కన పెన్నుతో రాసి ఉంది. గా దీర్ఘంతో.

నా కాగితం ఇచ్చాను. ఒకటికి రెండుసార్లు చదివింది.

"అన్నిటి దగ్గరా చెప్పు అని ఉందండీ. చెప్పు అంటే ఏ గడి?"

"రెండు," అన్నాను. "మూడు కూడా."

ఆవిడ ట్రేలో వెతికి నా రికార్డరు తీసి, పక్కకి పెట్టింది.

రోలరు సంగతి మేనేజరు సాయంత్రం చెబుతాడట. చెప్పనీ. నా దగ్గరా మాటలున్నాయి.

ఇది కిందికి దిగొచ్చి రాస్తున్నాను. పైకి వెళ్ళేటప్పుడు ఎప్పటిలాగే పన్నెండో మెట్టు మీద ఆగాను. 7:48. వెనక జనం వస్తున్నారు. రైలింగ్ పట్టుకుని నిలబడ్డాను, ఊపిరి వచ్చేదాకా.

ఇవాళ వంగలేదు.